ఉల్లిపాయ తినని జడ్జిగారు

గ్రీన్‌షా, ఏప్రిల్ 24, 1979

లోయ బ్యాండ్ల సంఘం కార్యదర్శి శ్రీ డెస్మండ్ పిల్లింగ్ గారి సముఖానికి, గ్రీన్‌షా ఇత్తడి బ్యాండులో బేస్ బాకా ఊదే ఎనోక్ సగ్డెన్ సంతోషం పట్టలేక రాసుకుంటున్నది.

అయ్యా, మీ ఉత్తరం అందింది. ఇత్తడి బ్యాండ్ల ఉద్యమానికి జీవితమంతా సేవ చేసినందుకు నాకు పతకం ఇస్తామనీ, పెంతెకొస్తు పండగ వారంలో విట్ శుక్రవారం సాయంత్రం ఊరూరా జరిగే బ్యాండ్ల పోటీలు అయిపోయాక మా ఊరి వీధిలోనే అందరి ఎదుటా ఇస్తామనీ రాశారు. చదువుకున్నాను. మా ఆవిడ హిల్డాకి చదివి వినిపించాను. ఆవిడ వినలేదేమోనని మళ్లీ చదివాను. "విన్నానయ్యా, మొదటిసారే విన్నాను. నువ్వు ఊదావు, నేను భరించాను. ఇందులో సేవ ఎవరిదో సంఘంవాళ్లని సరిగ్గా చూసుకోమను" అంది. ఆవిడ మాటలు అలాగే ఉంటాయి. మీరేమీ అనుకోకండి, ఆ సాయంత్రం చర్చికి వేసుకెళ్లే టోపీ దుమ్ము దులిపి ఎండలో పెట్టింది.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. పన్నెండో ఏట ఉన్ని మిల్లులో చేరాను, పదమూడో ఏట బ్యాండులో చేరాను. మిల్లు మూతపడింది, బ్యాండు మూతపడలేదు. అంతకుమించి నా జీవితంలో చెప్పుకోవడానికేం లేదు, ఒక్క మా అమ్మాయి మార్జరీ తప్ప.

మార్జరీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. హడర్స్‌ఫీల్డ్‌లో పిల్లలకి సంగీతం చెబుతుంది. మొన్న మార్చిలో బ్యాండు పోటీలకి జడ్జిగా కూర్చునే పరీక్ష ప్యాసయింది. దాని చిన్నతనంలో మా బ్యాండులో ఆడపిల్లల్ని చేర్చుకునేవాళ్లు కాదు. నా బేస్ బాకాతోనే బట్టలుతికే గదిలో నేర్పాను. బాకా వెనకాల పిల్ల కనపడేది కాదు, రెండు బూట్లు కనపడేవి. ఆ పిల్ల ఇవాళ జడ్జి. ఒక్క ఇంట్లోకి ఒకే ఏడాది రెండు సంతోషాలొస్తే గుమ్మం పట్టడం లేదండి.

విట్ శుక్రవారం నాడు వస్తావా అని దానికి ఫోన్ చేస్తే, ఆ రోజు పనుంది నాన్నా, ఎక్కడో చెప్పకూడదు అని నవ్వింది. ఏ ఊళ్లో జడ్జిగా వేశారో మరి. ఎక్కడైతేనేం, చల్లగా ఉండాలి.

మీ మేలు మరువలేని
ఎనోక్ సగ్డెన్

తా.క. ఇది కవరులో పెడుతుంటే మీ ఆఫీసు నుంచి హిల్డాకి కాగితం వచ్చింది. మా ఊరి జడ్జిగారికి శాండ్‌విచ్‌లు చేసేది ఏటా ఆవిడే కదా. ఈసారి ఉల్లిపాయ వద్దనీ, టీ పల్చగా కావాలనీ, కాళ్లు పెట్టుకోవడానికి పీట కావాలనీ రాశారు. పిల్లింగ్ గారూ, మా మార్జరీ ఉల్లిపాయ ముట్టదు. పొట్టిది, కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి అందవు. నేనేమీ అడగను. మీరేమీ చెప్పకండి. అర్థమైపోయింది.


సంఘ కార్యాలయం, ఏప్రిల్ 30

శ్రీ సగ్డెన్ గారికి, పిల్లింగ్ గౌరవంతో తెలియజేయునది.

పతకం స్వీకరించడానికి మీరు సమ్మతించినందుకు సంఘం సంతోషిస్తున్నది.

మీ తాజాకలం విషయమై ఒక మాట. ఏ ఊరికి ఎవరు జడ్జిగా వస్తారో సంఘం ముందుగా బయటపెట్టదు. ఎవరు రారో కూడా బయటపెట్టదు. ఒకరు కాదని చెబితే, ఇంకొకరు కాదని చెప్పవలసి వస్తుంది, అలా చెప్పుకుంటూ పోతే చివరికి మిగిలినవారే జడ్జి అని ఊరంతటికీ తెలిసిపోతుంది. జడ్జి మేడమీద తెరలు దించిన గదిలో కూర్చుని, కింద వాయించేది ఏ బ్యాండో తెలియకుండా చెవితో మాత్రమే తీర్పు చెప్పడం మన ఉద్యమానికి ప్రాణం. కనుక శాండ్‌విచ్‌ల మీద సంఘం ఎటువంటి వ్యాఖ్యా చేయదు.

భవదీయుడు
డి. పిల్లింగ్

తా.క. పీట కాస్త గట్టిది చూడమని శ్రీమతి సగ్డెన్ గారికి చెప్పగలరు.


గ్రీన్‌షా, మే 4

గుట్టు కాపాడడంలో కొండలాంటి పిల్లింగ్ గారికి, ఎనోక్ సగ్డెన్ చేతులు జోడించి రాసేది.

మీ ఉత్తరం చూశాక ఉన్న కాస్త అనుమానమూ తీరింది. కాకపోతే కాదని ఒక్క ముక్కలో రాసేవారు. అవును కాబట్టే ఒక పేజీ రాశారు. మీ ఇబ్బంది నాకు తెలుసు. నేను కూడా మిల్లులో యూనియన్ గుట్లు దాచినవాణ్ణే.

పీట గట్టిది ఉండాలన్నారు. మార్జరీ బాకా నేర్చుకునేటప్పుడు కాళ్ల కింద పెట్టుకోవడానికి నేను చేసిన పీట అటకమీద ఉంది. దింపాను, రంగు వేశాను. దాన్ని చూడగానే పిల్లకి ఇల్లు గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. అయ్యా, నేను ఈసారి వాయించను.

తొందరపడి అంటున్న మాట కాదు. నాకు ఊపిరితిత్తుల్లో మిల్లు నూగు చేరింది. అందుకని మా కవాతు పాటలో అందరూ ఊపిరి తీసుకునేచోట నేను తీసుకోను. దానికి ఒక డోలు దెబ్బ ముందే గుటుక్కున తీసేసుకుంటాను, లేకపోతే నాకు అందదు. తప్పో ఒప్పో నాకు తెలీదు, పాత మాస్టర్లందరూ తిట్టారు, తర్వాత అలవాటుపడ్డారు. మార్జరీకి నేర్పింది నేనే కాబట్టి దానికీ అక్కడే ఊపిరి తీసుకోవడం వచ్చింది. హిల్డా మమ్మల్నిద్దర్నీ ఒకే గాడిన పడిన రెండు బండ్లు అనేది. ఈ లోయ మొత్తంమీద ఆ చోట ఊపిరి తీసే మనుషులం ఇద్దరమే. ఒకరం తెర ఇవతల వాయిస్తూ, ఒకరం తెర అవతల మార్కులు వేస్తూ ఉంటే, ఆ తెర దేనికండీ? నా మొదటి గుటకకే మా నాన్న అని పోల్చుకుంటుంది. తర్వాత మాకు మొదటి బహుమతి ఇస్తే ఊరు ఏమంటుంది? ఇవ్వకపోతే వాళ్లమ్మ ఏమంటుంది?

మా బ్యాండు మాస్టరు క్లెమెంట్‌కి ఈ మాట చెబితే మొహం గంటుపెట్టుకున్నాడు. "నువ్వు లేకపోతే బేస్‌కి మిగిలేది పెర్సీ ఒక్కడే. పెర్సీ ఊదితే పెర్సీకే వినపడదు" అన్నాడు. కారణం అడిగాడు. చెప్పకూడదు కదా, అందుకని చెప్పలేదు. ఉల్లిపాయల సంగతి మాత్రం చెప్పాను.

నిజాయితీగా
ఎనోక్ సగ్డెన్

తా.క. పదమూడో ఏటి నుంచి ఒక్క విట్ శుక్రవారం కూడా తప్పలేదు, పెళ్లయిన ఏడాది కూడా. పెళ్లి ఆ గురువారం అయింది. హిల్డా ఇంకా మర్చిపోలేదు.


సంఘ కార్యాలయం, మే 21

శ్రీ సగ్డెన్ గారికి, పిల్లింగ్ ఆందోళనతో వ్రాయునది.

ఆక్సెన్‌డేల్ బ్యాండువారి నుంచి సంఘానికి ఫిర్యాదు వచ్చింది. మీ ఊరి మాంసం కొట్టు అద్దంలో మీ అమ్మాయిగారి ఫోటో పెట్టి, చుట్టూ పూలదండ వేసి, కింద "మన ఊరి చెవి" అని రాశారట. సారాయి కొట్టువారు ఉల్లిపాయ లేకుండా పంది మాంసం కూరిన రొట్టె ఒకటి తయారుచేసి దానికి ఆవిడ పేరు పెట్టారట. మీ ఊళ్లో ఎవరింట్లోనూ ఇప్పుడు ఉల్లిపాయ తరగడం లేదని కూడా ఫిర్యాదులో ఉంది గాని, అది సంఘం పరిధిలోకి రాదు.

దయచేసి ఆ ఫోటో తీయించగలరు. ఆవిడ జడ్జి అని గాని, కాదని గాని నేను చెప్పలేను, చెప్పను, చెప్పబోను.

ఇక కార్యదర్శిగా కాదు, చిన్నప్పుడు కార్నెట్ అనే చిన్న బాకా వాయించి మానేసినవాడిగా ఒక మాట రాస్తున్నాను. మీరు వాయించండి సగ్డెన్ గారూ. మీరు ఆ సాయంత్రం బ్యాండు ఎర్రకోటు వేసుకుని మీ వరుసలో లేకపోతే ఒకరు చాలా నొచ్చుకుంటారు. ఎవరో చెప్పలేను. మాటిచ్చాను.

భవదీయుడు
డి. పిల్లింగ్

తా.క. దయచేసి వాయించండి.


గ్రీన్‌షా, మే 25

పెద్దమనిషి పిల్లింగ్ గారికి, ఎనోక్ సగ్డెన్ కళ్లు తుడుచుకుని రాసేది.

ఫోటో తీయించాను. దండ మాత్రం మాంసం కొట్టువాడు పంది తలకి వేసుకున్నాడు, దానితో మనకి పేచీ లేదు.

అయ్యా, మీరు నన్ను వాయించమని అడిగారు, తాజాకలంలో మళ్లీ అడిగారు. మొదట నా మనసు కరిగింది. తప్పుకున్నప్పటి నుంచి బాకా పెట్టెవైపు చూడడం మానేశాను. రోజూ సాయంత్రం రిహార్సల్ వేళకి కాళ్లు వాటంతటవే తలుపుదాకా వెళ్లొస్తున్నాయి. కాని మళ్లీ ఆలోచించాను. నొచ్చుకునేది ఎవరు? తెర వెనకాల కూర్చుని నాన్న ఊపిరి కోసం చెవులు రిక్కించే మార్జరీ. సరిగ్గా ఆ ప్రమాదం తప్పించాలనే కదా నా తాపత్రయం. అప్పుడర్థమైంది. పతకం ఇచ్చేముందు సంఘం మనిషిని పరీక్షిస్తుంది, మిల్లులో ఉన్ని దారం ఇచ్చేముందు లాగి చూసినట్టు. నేను తెగలేదు పిల్లింగ్ గారూ. వాయించను.

ఒక్కటే కోరిక. పోటీ సాయంత్రం జడ్జిగారు కూర్చునే కొట్టు మేడమెట్ల మీద, ఆ గది తలుపు దగ్గర కాపలా కూర్చోనివ్వండి. లోపలికి ఎవరినీ పోనివ్వను. నేనూ పోను. పిల్లకి నేనున్నట్టు కూడా తెలియనివ్వను, దగ్గు బిళ్లలు నోట్లో వేసుకుని కూర్చుంటాను. వీధివైపు వీపుపెట్టి తలుపువైపు మొహంపెట్టి కూర్చుంటే, ఏ బ్యాండు వస్తోందో కాపలావాడికి కూడా తెలీదు. ఇంతకన్నా న్యాయం ఈ లోయలో పుట్టదు.

మీ పరీక్షలో నెగ్గిన
ఎనోక్ సగ్డెన్

తా.క. హిల్డా అంటోంది, "అరవై ఏళ్లు వాయించినందుకు పతకమిస్తామంటే వాయించడం మానేసిన మగాడు ప్రపంచంలో నువ్వొక్కడివే. పతకం దానికే ఇవ్వాలి" అని.


సంఘ కార్యాలయం, జూన్ 11

శ్రీ సగ్డెన్ గారికి, పిల్లింగ్ ఊపిరి పీల్చుకుని వ్రాయునది.

పోటీలు ముగిశాయి కనుక ఇప్పుడు చెప్పవచ్చు. మీ ఊరి జడ్జి స్కాట్లాండ్ నుంచి వచ్చిన శ్రీ గిల్‌క్రిస్ట్ గారు. ఉల్లిపాయ తింటే ఆయనకి గుండెల్లో మంట. కాలికి వాతం, అందుకే పీట. మీరు కాపలా ఉంటానని రాసినప్పుడు కాదనడానికి నాకు నియమం దొరకలేదు, అవునని ఎందుకనకూడదో చెప్పడానికి నోరు లేదు. ఈ ఉద్యోగంలో ఆ నెలన్నరలాంటి నెలన్నర మళ్లీ వద్దు.

గ్రీన్‌షా బ్యాండుకి అయిదో స్థానం వచ్చింది. కాని ఆ సాయంత్రపు ఉత్తమ బేస్ వాయిద్యానికి కప్పు మీ బ్యాండుకే వచ్చింది. జడ్జిగారి మాటలు ఇవి: "అందరూ ఊపిరి కోసం ఆగినచోట ఒక్క బేస్ మాత్రం పట్టు వదలలేదు. ఆ ఒక్క స్వరం మీదే పాట తెగకుండా నిలబడింది. ఎవరో గాని చాలా పాత చేయి."

ఆ సాయంత్రం నేను వేరే ఊళ్లో ఉన్నాను. క్లెమెంట్ గారు బేస్ స్థానానికి ముందే ఇచ్చి ఉన్న మీ పేరు మార్చలేదు కనుక కప్పు మీద ఇ. సగ్డెన్ అని చెక్కించాము. మీరు వాయించనని మీరే రాశారు. అయితే వాయించింది ఎవరు? ఎవరో నాకు కొంత తెలుసు అనుకోండి, కాని ఎలా జరిగిందో తెలియదు. సంఘం కోసం కాదు, నా కోసం రాయండి.

మీ
డెస్మండ్ పిల్లింగ్

తా.క. పీట విరిగినందుకు గిల్‌క్రిస్ట్ గారు విచారం తెలియజేశారు.


గ్రీన్‌షా, జూన్ 14

మా ఇంటి మనిషిలాంటి డెస్మండ్‌కి, ఎనోక్ సగ్డెన్ ఆశీర్వదించి రాసేది.

నాయనా, కప్పు అందింది. ఇన్నేళ్లు ఊదినా రాని కప్పు ఊదని రోజున వచ్చింది. ఎలా జరిగిందో మొదట్నుంచీ చెబుతాను.

నేను సాయంత్రం అయిదింటికే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. జడ్జిని ఎప్పటిలాగే వెనక తలుపు నుంచి లోపలికి తీసుకెళ్లారు, నేను చూడలేదు. లోపల కుర్చీ కిర్రుమంది. నా కూతురు కూర్చుందనుకుని మనసులో దీవించాను. హిల్డా శాండ్‌విచ్‌ల పళ్లెం తెచ్చి తలుపు కింది సందులోంచి లోపలికి తోసి, "నీ కూతురికి బాగా ఆకలేస్తున్నట్టుంది, పళ్లెం లాక్కున్న తీరు చూశావా" అంది. ఎంత పెద్ద ఉద్యోగం చేస్తోందో, ఆకలేయదా అన్నాను.

బ్యాండ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. వీధి వైపు తిరగలేదు. వాన తుంపర పడుతోంది, జనం మాంసం రొట్టెలు తింటున్నారు, అరుస్తున్నారు, నేను తలుపు చెక్కలో గీతలు చూస్తూ కూర్చున్నాను. ఆక్సెన్‌డేల్‌వాళ్లు బాగా వాయించారు, ఒప్పుకోవాలి. తర్వాత మా బ్యాండు డోలు దెబ్బ వినపడింది. అది ఎక్కడున్నా పోలుస్తాను. నా కాళ్లు మెట్టు మీదే కవాతు చేశాయి.

పెర్సీ ఒక్కడే ఉంటాడు కదా, పాట కింద నుంచి కూలిపోతుందని దవడలు బిగించుకున్నాను. కూలలేదు. అడుగున గట్టి నేల ఉంది. అందరూ ఊపిరి తీసే చోటు వచ్చింది. దానికి ఒక దెబ్బ ముందు, గుటుక్కున, ఎవరో తీసుకున్నారు. తర్వాత అందరూ ఆగారు. ఒక్క స్వరం మాత్రం ఆగలేదు. నా స్వరం.

నేను ఇక్కడున్నాను కదా, నా ఊపిరి అక్కడ ఎవరు తీస్తున్నారు అనుకున్నాను. చచ్చిపోయాననుకున్నాను డెస్మండ్. తర్వాత బుర్ర పనిచేసింది. ఈ లోయలో అక్కడ ఊపిరి తీసేది ఇద్దరమే. ఒకడు మెట్ల మీద ఉన్నాడు. రెండోది లోపలుంది. రెండోది లోపలుంటే వీధిలో ఎవరు?

నియమం తప్పానని రాసుకో. తాళం కన్నంలోంచి చూశాను. మొహం చూడలేదు. నేను రంగేసిన పీట కనపడింది, దాని మీద బూడిదరంగు ఊలు మేజోడు తొడిగిన ఒక పాదం కనపడింది. రొట్టెంత పాదం. అది నా కూతురిది కాదు. నేను చూస్తుండగానే పీట విరిగింది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పీట కోసం కాదు. మార్జరీ గ్రీన్‌షా ఎర్రకోటులో మా వీధిలో నడుస్తోంది, బట్టలుతికే గదిలో నేర్చుకున్నది ఊరందరి ముందూ వాయిస్తోంది, నేనొక్కణ్ణే వీపు పెట్టుకుని కూర్చున్నాను. తిరిగి చూడాలా వద్దా? కాపలా ఉంటానని మాటిచ్చాను. ఇంకా బ్యాండ్లున్నాయి. మార్కులు పడలేదు. నేను ఇప్పుడు కేకేసి కిందికి పరిగెత్తితే, లోపలున్న మనిషికి ఎవరు వాయిస్తున్నారో తెలిసిపోతుంది. దాని మార్కులకి మచ్చ పడుతుంది. తిరగలేదు. తలుపుకి నుదురు ఆనించి, చప్పుడు కాకుండా ఏడవబోయాను గాని మా వంశంలో చప్పుడు లేకుండా ఏదీ చేతకాదు.

లోపల నుంచి లావుపాటి గొంతు వినపడింది. "బయట ఎవరయ్యా అది? ఏడిస్తే ఏడువు గాని మెల్లగా ఏడువు. నన్ను ఆ బేస్ విననివ్వు."

విననిచ్చాను. నేనూ విన్నాను. డెస్మండ్, ఆ పాటని ఇన్నేళ్లు లోపల నుంచి వాయించాను గాని బయట నుంచి ఎప్పుడూ వినలేదు. ఆ చోట పట్టు వదలకపోతే ఎంత బాగుంటుందో నాకిప్పుడు తెలిసింది. పాత మాస్టర్లు బతికుంటే చెప్పేవాణ్ణి.

ఆఖరి బ్యాండు వాయించి, గిల్‌క్రిస్ట్ గారు కాగితాలు మడిచాక కిందికి దిగాను. మార్జరీ నా ఎర్రకోటు వేసుకుని ఉంది, కోటు చేతులు మూడు మడతలు పెట్టింది. నీ పక్కన నడుద్దామని నెలల తరబడి క్లెమెంట్‌తో, డెస్మండ్‌గారితో గూడుపుఠాణీ చేసి నోరు నొక్కుకుని వస్తే, నువ్వు నాకే కాపలా కాయడానికి పోయావటగా నాన్నా అంది. వరుసలో నా చోటు ఖాళీగా, పెర్సీ తెల్లమొహం వేసుకుని కనపడేసరికి క్లెమెంట్ నా బాకా, నా కోటు తెప్పించి దానికే తగిలించాడట.

"విన్నావా?" అంది.

"విన్నాను."

"ఊపిరి తప్పుచోట తీశానా?"

"తప్పుచోటే తీశావు" అన్నాను.

పతకం పెట్టే వేళకి సంఘం పెద్దాయన ఎర్రకోటులో నా కోసం చూశాడు. కోటు మార్జరీ మీద ఉంది, నేను చొక్కాతో ఉన్నాను. ఆయన తికమకపడుతుంటే హిల్డా ముందుకొచ్చి, కోటుకే పెట్టెయ్యండి, అందులో ఎవరుంటే వాళ్లది అంది. అలాగే జరిగింది. ఇప్పుడు వారం మా ఇంట్లో, వారం హడర్స్‌ఫీల్డ్‌లో ఉంటోంది ఆ కోటు.

కప్పు తిప్పి పంపుతున్నాను. ఇ. సగ్డెన్ అని తప్పు పడింది. చెరిపేయొద్దు, మన దగ్గర ఇత్తడి గోకే అలవాటు లేదు. ముందు మార్జరీ పేరుకి ఎమ్ అనే అక్షరం చేర్చి, నాది తర్వాత ఉండనివ్వండి. నేర్చుకున్నది ముందు, నేర్పింది వెనక. బేస్‌వాళ్లం ఎప్పుడూ వెనక వరుసలోనే కదా నడుస్తాం.

వచ్చే విట్ శుక్రవారానికి ఇద్దరం పక్కపక్కన వాయిస్తాం. నువ్వూ కార్నెట్ దుమ్ము దులుపుకుని రా, క్లెమెంట్‌తో మాట్లాడి ఉంచాను.

పట్టరాని సంతోషంతో
ఎనోక్ సగ్డెన్

తా.క. వచ్చే ఏడాది నుంచి జడ్జిగారి శాండ్‌విచ్‌ల కాగితం మా ఇంటికి పంపొద్దు. పక్కింటి మేబెల్‌కి పంపు. ఆవిడకి పిల్లల్లేరు.